మెలి వెలుగు – పదకొండో భాగం: అడ్డం తిరిగిన బల్ల

చదివే వారికి ముందుగా ఒక మాట. నాకు అక్షరాలు వచ్చింది పెద్దతనంలో, నా పెనిమిటి పోయిన తర్వాత. ఒత్తులు, దీర్ఘాలు ఇప్పటికీ నన్ను సతాయిస్తూనే ఉంటాయి. పత్రిక వాళ్లు దిద్దుతారు. వాళ్ల కన్ను తప్పించుకుని ఒకటో రెండో తప్పులు మీ దాకా వస్తే మన్నించండి. చేయి కూడా నిదానం. పోయిన వారం ఈ కథ కోసం పేజీలు తిప్పి లేదని తిట్టుకున్న వాళ్లకు నా దండాలు. తిట్లు నాకు చెందవలసినవే.

కథ ఎక్కడ ఆగిందో గుర్తు చేస్తాను. కరీంనగర్‌లో ఒక ప్రైవేటు కాలేజీ ఉంది. దాని ఛైర్మన్ బుచ్చిరాములు గ్రానైటు గుట్టలు కోసి పైకొచ్చిన మనిషి. ఆ కాలేజీ లేజర్ గదిలో శ్రీరాంపూర్ బొగ్గుబాయి కార్మికుని బిడ్డ అమూల్య కొన్నేండ్లుగా ఒకే పని మీద కూర్చుంది. వెలుతురును మెలిపెట్టి, ఆ వెలుతురుతో కంటికి ఆనని వెండి మెలికలు పుట్టించడం ఆ పని. అది ఒక పెద్ద విదేశీ పత్రికలో అచ్చయింది. అందులో అమూల్య పేరు లేదు. మొదటి పేరు ఆమె గైడు ప్రొఫెసర్ ప్రేమ్‌సాగర్‌ది, రెండో పేరు ఛైర్మన్ కోడలు మమతారాణిది. అడిగితే, “నీ శాంపిళ్లన్నీ పాడైపోయినయ్. దసరా తర్వాత మొదటి నుంచి అన్నీ నేనే చేసుకున్న” అన్నాడు ప్రేమ్‌సాగర్. అమూల్య ఛైర్మన్ గదిలో నిలబడి, “అదే బల్ల మీద, అదే తీరుగ, నా ముంగట ఒక్కటి చేసి చూపియ్యమనుండ్రి సార్” అని సవాలు విసిరింది. ఛైర్మన్ ఒప్పుకున్నాడు. ఒక షరతు పెట్టాడు. ఓడితే, అబద్ధమాడానని స్టాఫ్ అందరి ముందు చెప్పి, పీహెచ్‌డీ వదిలేసి పోవాలి. వచ్చేటప్పుడు తల్లిదండ్రులను వెంటబెట్టుకుని రావాలి.

సోమవారం పొద్దున తల్లీబిడ్డలు బస్టాండులో దిగి ఆటో ఎక్కారు. తండ్రి రాజం మోకాళ్లు సహకరించక ఇంట్లోనే ఉండిపోయాడు. ఉండిపోవడమే మంచిదైంది. గని దిగిన మనిషికి బండ కింద కూర్చునే ఓపిక ఉంటుంది గాని, ప్రేమ్‌సాగర్ లాంటి వాడి ఎదుట కూర్చునే ఓపిక ఉండదు. తల్లి సరోజనకూ ఆ ఓపిక లేదు. కానీ ఆమెకు నోరుంది.

“ఇంకోసారి చెప్పు బిడ్డా,” అంది సరోజన, కుదుపులకు ముందు కడ్డీ పట్టుకుని. “ఆడ దిక్కులు చూసుకుంట కూసునుడు గాకుంట జర సమజైతే మంచిగుంటది.”

“లేజర్ నోట్లకెళ్లి వెలుతురు తిన్నగ వస్తది అవ్వా. దాని ముంగట రూపాయి బిళ్లంత ప్లేటు ఉంటది. అండ్లకెళ్లి పోయినంక వెలుతురు మెలి తిరుగుతది. బాపు బాయిల పట్టిన డ్రిల్లు రాడు ఉండె చూడు, గట్ల. ప్లేటును ఒక గుర్తు మీద పెడితే ఎడమకు తిరుగుతది, ఇంకో గుర్తు మీద పెడితే కుడికి.”

“ఊఁ.”

“ఆఖరుకు గాజు పలక ఉంటది. దాని మీద కంటికి ఆనని బంగారు రవ్వలు. వాటి మీద వెండి నీళ్లు పోస్తం. వెలుతురు పడంగనే ఆ నీళ్లల్ల వెండి వచ్చి రవ్వలకు అతుక్కుంటది. వెలుతురు ఎటు తిరిగితే వెండి గూడ అటే మెలి తిరుగుతది.”

“కంటికి కనవడకపోతె ఎటు తిరిగిందో ఎట్ల తెలుస్తది?”

“మిషన్ గీత గీస్తది. ఎడమ మెలి అయితే గీత గుట్ట తీరు లేస్తది. కుడిదైతే గుంత తీరు దిగుతది.”

“గింత కష్టపడి గా మెలికలతోని ఏం జేస్తరే?”

“మందులల్ల గూడ కుడిది, ఎడమది ఉంటయవ్వా. చూడనీకె ఒక్కతీరే ఉంటయ్. ఒకటి రోగం తగ్గిస్తది, రెండోది వంట్లకు పోయి ఇంకో రోగం తెస్తది. అసుంటియి ఏరనీకె ఈ వెండి మెలికలు పనికొస్తయ్.”

సరోజన కడ్డీ మీద చెయ్యి మార్చుకుంది. తర్వాత అసలు సంగతి అడిగింది. “మరి నీ పట్టు ఏంది? వాడు చేసి చూపెడితే?”

“చేస్తడు. కాని ఎడమది చెయ్యబోతే కుడిది వస్తది.”

“ఎందుకొస్తది?”

“అద్దం పెట్టిండు అవ్వా.”

ఈ అద్దం సంగతి చదివే వాళ్లకు కూడా చెప్పాలి. లేజర్ ఉన్న స్తంభాన్ని ఉత్తరం గోడ దగ్గర నేలకు బోల్టులు వేసి బిగించారు. దాని ఎదురుగా, గది పొడవునా, బుచ్చిరాములు గుట్ట నుంచి కోసుకొచ్చిన నల్ల గ్రానైటు బల్ల ఉండేది. వెలుతురు స్తంభం నుంచి బయలుదేరి బల్ల మీదుగా తిన్నగా దక్షిణానికి పోయేది. అమూల్య పని చేసినన్ని రోజులూ అలాగే ఉంది. దసరా సెలవుల్లో ఆమె ఇంటికి పోయింది. కాలేజీలో ఆయుధపూజకు వచ్చిన సిద్ధాంతి లేజర్ గదిలో నిలబడి, వెలుతురు యముని దిక్కుకు పోతోందని, కాలేజీకి అరిష్టమని చెప్పాడు. గుట్టలను చీల్చి అమ్ముకున్న బుచ్చిరాములు ఆ మాటకు వణికిపోయాడు. అప్పటికప్పుడు క్వారీ నుంచి మనుషులను పిలిపించి, గడ్డపారలతో బల్లను అడ్డంగా తూర్పుకు తిప్పించాడు. స్తంభం మాత్రం కదల్లేదు. అందుకని మూల మీద ఒక నల్ల డబ్బాలో అద్దం పెట్టి వెలుతురును తూర్పుకు మళ్లించాడు ప్రేమ్‌సాగర్. వెలుతురు మొదట దక్షిణానికే పోతోంది, తర్వాత తూర్పుకు తిరుగుతోంది. చివరికి తూర్పే కదా అని సిద్ధాంతి తృప్తి పడ్డాడు. ఫిజిక్సు ప్రొఫెసరూ తృప్తి పడ్డాడు. ఇద్దరి చదువూ ఆ రోజు ఒక్కటే అయింది.

సెలవుల తర్వాత అమూల్యను ఆ గదిలోకి రానివ్వలేదు. ఆడపిల్ల లేజర్ దగ్గర ఒంటరిగా పని చేస్తే ప్రమాదమట. కిందటి వారం తలుపు సందులోంచి బల్ల అడ్డంగా కనబడే దాకా ఆమెకు ఈ సంగతి తెలియదు.

“అద్దానికి తగిలిన మెలి ఉల్టా అయితది,” అంది అమూల్య. “ఎడమ పోతే కుడి అయి వస్తది. దసరా తర్వాత చేసినయ్ అయితే ఎడమ గుర్తుకు గుంత రావాలె. పేపర్ల గుట్ట ఉన్నది. అంటే ఆ గీతలు అద్దం లేనప్పటియి. అద్దం లేనప్పుడు ఆ గదిల పని చేసింది నేను.”

“గింత మాట వానికి తెల్వదా? పెద్ద సారు గదనే.”

“పుస్తకంల చదివే ఉంటడు. పిల్లలకు చెప్పే ఉంటడు. కాని బల్ల ముంగట నిలబడేటోనికి గద అది యాదికొచ్చేది.”

“ఇయ్యాల యాదికొస్తే?”

అమూల్య ఆటో బయటకు చూసింది. “యాదికొస్తే ప్లేటును రెండో గుర్తుకు తిప్పుతడు. తిప్పితే నా పని ఖతం.”

లేజర్ గదిలో వాళ్ల కంటే ముందే అందరూ ఉన్నారు. ప్రేమ్‌సాగర్ తెల్లకోటు తొడిగాడు. ఇస్త్రీ మడతలు కూడా విప్పని కోటు. వెండి నీళ్లతో పని చేసేవాళ్ల వేలి కొసలు నల్లబడతాయి, సబ్బుకు పోవు. అమూల్య వేళ్లు గోరింటాకు మాడినట్టుంటాయి. ప్రేమ్‌సాగర్ వేళ్లు పెండ్లికొడుకు వేళ్ల లాగా ఉన్నాయి. ఆ వేళ్లను చూసి కూడా ఎవరికీ ఏ అనుమానమూ రాని కాలేజీ అది.

మమతారాణి మూలన గుండ్రంగా తిరిగే కుర్చీలో కూర్చుని ఫోను చూసుకుంటోంది. పట్టుచీర, మోచేతుల దాకా గాజులు. ఆమె ఈ గదికి రెండుసార్లే వచ్చిందని అమూల్యకు తెలుసు. మొదటిసారి రిబ్బను కత్తిరించడానికి, రెండోసారి ఫొటో దిగడానికి. ఆ ఫొటోలో ఆమె ఖాళీ గాజు గొట్టాన్ని కంటికి ఎత్తి పట్టుకుని ఉంటుంది. దాంట్లో ఏం చూసిందో ఆ దేవునికే తెలియాలి.

“ఓ, అవ్వను సుత పట్టుకొచ్చినవా?” అన్నాడు ప్రేమ్‌సాగర్. “మంచిదే. పేరెంట్స్ మీటింగ్ తీరు ఉన్నది.”

“మీరే రమ్మన్నరు గద సారూ,” అంది సరోజన స్టూలు మీద సర్దుకుని కూర్చుంటూ. “తప్పు జేసిన పిల్లల అవ్వలను పిలుస్తరని తెలిసి వచ్చిన. మీ అవ్వ రాలేదా?”

గది ఊడ్చే దేవదాస్ దగ్గు వచ్చినట్టు నోటికి గుడ్డ అడ్డం పెట్టుకున్నాడు. బుచ్చిరాములు బల్ల మీద అరచెయ్యి వేసి నిమురుతూ, “ముచ్చట్లు తర్వాత. పని సురువు చేయుండ్రి,” అన్నాడు. అంతలోనే ఆగలేక, “ఈ నలుపు చూసినవా చెల్లె? మా గుట్ట రాయి. యాడ ఎతికినా దొరకది,” అన్నాడు.

“మంచిగున్నది సారూ. మా ఇంటాయన తవ్విన బొగ్గు గింతకంటె నల్లగుంటుండె.”

అమూల్య ముందుకు వచ్చింది. “సార్, మొదలు వెట్టేముందు మూడు మాటలు అడుగుత. దసరా తర్వాత బల్ల ఇట్లనే ఉన్నదా?”

“కనవడుతలేదా?”

“నల్ల డబ్బాల అద్దం గిట్ల ఏమన్న మార్చిండ్రా?”

“ఒకసారి సెట్ చేసినంక నేను ముట్టుకోను. అది నా డిసిప్లిన్. నీ తీరు రోజూ గెలుకుడు ఉండది.”

“ఎడమ శాంపిల్‌కు ప్లేటు ఏ గుర్తు మీద పెట్టిండ్రు?”

“ఎడమ శాంపిల్‌కు ఎడమ గుర్తు.” ప్రేమ్‌సాగర్ ఛైర్మన్ వైపు తిరిగి నవ్వాడు. “చూడుండ్రి సార్, పీహెచ్‌డీ చేస్త అనేటోళ్లు అడిగే ప్రశ్నలు. ఇంటర్ పిల్లలు సుత అడుగరు. బొగ్గు బాయిల పక్కన పెరిగినోళ్లకు వెలుతురు మీద రిసర్చ్ ఎందుకు ఇచ్చిన్నో నాకే తెల్వదు.”

“మీరు ఇచ్చింది గది తాళం సార్,” అంది అమూల్య. “అది గూడ దేవదాస్ అన్న దగ్గర ఉంటుండె.”

ప్రేమ్‌సాగర్ చేతికి తొడుగులు వేసుకున్నాడు. గాజు పలక తీసి కాసేపు ఇటు తిప్పి, అటు తిప్పి చూశాడు. బంగారు రవ్వలున్న ముఖం ఏదో తెలియక కాదన్నట్టు, దుమ్ము చూస్తున్నట్టు ముఖం పెట్టాడు. అమూల్య పలకల మూలన గీసుకునే చిన్న గీత కంటబడగానే ధైర్యం వచ్చి సరిగ్గా పెట్టాడు. తర్వాత షెల్ఫుల వైపు చూశాడు.

“దేవదాస్, వెండి సొల్యూషన్ యాడ పెట్టినవ్?”

“మీరు రోజూ తీసే తావులనే ఉన్నది సార్,” అన్నాడు దేవదాస్, ముఖంలో ఏ భావమూ లేకుండా.

ప్రేమ్‌సాగర్ ఒక తలుపు తీశాడు. చీపుర్లు కనబడ్డాయి. ఇంకో తలుపు తీశాడు. ఫ్రిజ్జు మీద చెయ్యి వేస్తుంటే మాత్రం దేవదాస్ జాలిపడి తల ఊపాడు.

చివరికి వెండి నీళ్లు పలక మీదకు చేరాయి. అందరూ రంగు అద్దాలు పెట్టుకున్నారు. సరోజన కళ్ళజోడు మీద ఇంకో జోడు పెట్టుకుని, ఎట్లా ఉన్నానన్నట్టు కూతురి వైపు చూసింది. అమూల్య చూడలేదు. ఆమె కండ్లు ప్రేమ్‌సాగర్ చేతి మీద ఉన్నాయి. ఆ చెయ్యి ప్లేటును ఎడమ గుర్తు మీద పెట్టి, లేజర్ మీట దగ్గరకు పోయి, ఆగింది.

ప్రేమ్‌సాగర్ నల్ల డబ్బా వైపు చూశాడు. వెలుతురు తిరిగే మూల వైపు చూశాడు. కనుబొమలు ముడిపడ్డాయి. ఎప్పుడో చదివిన పేజీ ఒకటి అతని తలలో తెరుచుకోబోతున్నట్టు అనిపించింది. అతని చెయ్యి మళ్లీ ప్లేటు దగ్గరకు వచ్చింది. ఒక్క తిప్పు తిప్పితే చాలు. ఆమె ఇన్నేండ్ల పని, శ్రీరాంపూర్ క్వార్టర్లలో తలెత్తుకుని తిరిగే తల్లి ముఖం, అన్నీ ఆ బిళ్ల చుట్టూ ఉన్నాయి.

“ప్రేమ్‌సాగర్,” అన్నాడు బుచ్చిరాములు, “సన్మానానికి శాలువా ఏ రంగుది చెప్పమంటవ్? హైదరాబాదుకెళ్లి టీవీవాళ్లు గూడ వస్తరట.”

తెరుచుకోబోయిన పేజీ టపీమని మూసుకుంది. “మెరూన్ కలర్ సార్,” అన్నాడు ప్రేమ్‌సాగర్. “కెమెరాల మంచిగ పడ్తది.” మీట నొక్కాడు.

ఆకుపచ్చ గీత ఒకటి స్తంభం నుంచి బయలుదేరి, నల్ల డబ్బాలోకి దూరి, తూర్పుకు తిరిగి, గాజు పలక మీద చుక్కయి నిలిచింది. పలక మీది నీళ్లు నెమ్మదిగా రంగు మారుతున్నాయి. అమూల్యకు ఆ రంగంటే ఎంత ఇష్టమో చెప్పలేం. ఇప్పుడు కూడా, ఇంతమంది పనికిమాలిన వాళ్ల నడుమ, ఒక్క క్షణం అన్నీ మరచి దాన్నే చూసింది. ప్రేమ్‌సాగర్ దాన్ని చూడలేదు. తన పేరు వినబడని దేశం లేదని ఛైర్మన్‌కు చెబుతున్నాడు.

పలకను కడిగి, ఆరబెట్టి, మిషన్‌లో పెట్టింది దేవదాసే. తెర మీద గీత మొదలైంది. కొంత దూరం తిన్నగా వచ్చింది. తర్వాత వంగింది. వంగి వంగి కిందికి దిగిపోయింది.

అందరికంటే ముందు సరోజన మాట్లాడింది. “గిది గుంత గదా బిడ్డా?”

“గుంతనే అవ్వా.”

“పేపర్ల ఏముండె?” అన్నాడు బుచ్చిరాములు.

“గుట్ట సార్.”

“సొల్యూషన్ పాతది,” అన్నాడు ప్రేమ్‌సాగర్ వెంటనే. “కొత్తది కలుపు దేవదాస్.”

కొత్తది కలిపారు. కొత్త పలక పెట్టారు. మళ్లీ ఆకుపచ్చ గీత, మళ్లీ ఎదురుచూపు. మళ్లీ గుంత. మొదటి దాని కంటే లోతుగా దిగింది.

“అయితే మిషన్ ఖరాబైంది.”

అమూల్య సంచిలోంచి దూదిలో చుట్టిన పలక తీసింది. “ఇది దసరాకు ముంగట నేను చేసిన ఎడమ శాంపిల్ సార్. మీరు పాడైపోయినయ్ అన్నవాటిల ఒకటి. పెట్టుండ్రి.” దేవదాస్ పెట్టాడు. గీత లేచింది. నున్నగా, నిండుగా, గుట్టలా లేచి దిగింది. పేపర్లో అచ్చయిన బొమ్మ గోడ మీద ఫ్రేము కట్టి ఉంది, సన్మానం కోసం. రెండింటినీ పక్కపక్కన చూడటానికి ఎవరికీ చదువు అక్కరలేదు.

“మిషన్ మంచిగనే ఉన్నది,” అంది అమూల్య. “ఛైర్మన్ సార్, జర ఇట్ల రాండ్రి.” బుచ్చిరాములును చేతులు కడుక్కునే చోట ఉన్న గోడ అద్దం ముందు నిలబెట్టింది. “మీ ఉంగరం ఏ చేతికున్నది?”

“కుడి చేతికి.”

“ఆ అద్దంల ఉన్న సార్‌కు?”

బుచ్చిరాములు చెయ్యెత్తాడు. అద్దంలోని బుచ్చిరాములు కూడా ఎత్తాడు. కాసేపు ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. “ఎడమకు,” అన్నాడు నెమ్మదిగా.

“వెలుతురు మెలి గూడ అంతే సార్. మీరు బల్ల తిప్పిచ్చినంక వెలుతురు అద్దానికి తగిలి వస్తున్నది. ఎడమది పోయి కుడిదైతున్నది. దసరా తర్వాత ఈ బల్ల మీద ఎవ్వలు చేసినా ఎడమ గుర్తుకు గుంతనే వస్తది. పేపర్ల గుట్ట ఉన్నదంటే అది బల్ల తిన్నగ ఉన్నప్పటి పని. అప్పుడు ఈ గదిల ప్రేమ్‌సాగర్ సార్ అడుగు పెట్టలే. నేను ఉన్న.”

ప్రేమ్‌సాగర్ ముఖంలో ఇందాకటి పేజీ ఇప్పుడు పూర్తిగా తెరుచుకుంది. ఆలస్యంగా వచ్చిన జ్ఞానం మనిషిని ఎంత వికారంగా మారుస్తుందో అమూల్య దగ్గర నుంచి చూసింది. అయినా వాడు ఊరుకోలేదు.

“అద్దం అప్పుడు లేకుండె,” అన్నాడు. “నేను... అప్పుడు వేరే చిన్న లేజర్‌ను బల్ల మీదనే పెట్టి చేసిన. ఈ అద్దం మొన్న పెట్టిన. నిన్నగాక మొన్న.”

“ఇందాక ఏం మార్చలేదన్నరు.”

“మరిచిపోయిన. నాకు వంద పనులుంటయ్.”

“దేవదాస్ అన్నా,” అంది అమూల్య, “డబ్బా మూత తియ్యి.”

దేవదాస్ తీశాడు. అందరూ వంగి చూశారు. అద్దం చట్రానికి పైన పసుపు, పసుపు మధ్య కుంకుమ బొట్టు. ఎండి, పగుళ్లు వారి, అంచులు రాలి ఉంది. డబ్బా లోపలి మూల నుంచి ఆ చట్రం దాకా సాలెగూడు అల్లుకుని ఉంది.

బుచ్చిరాములు ఆ బొట్టును వేలితో తాకాడు. “ఈ బొట్టు నేను పెట్టింది. దసరా నాడు. అయ్యగారు ఒక్కొక్క సామాను ముంగట నిలబెట్టి పెట్టిచ్చిండు. దీనికి నడుమల పెట్టబోతే ప్రేమ్‌సాగరే అడ్డమొచ్చి, అంచుకు పెట్టుండ్రి సార్ అన్నడు.”

“మరి సారు రోజూ పని చేసిన తావు గిదేనా?” అంది సరోజన, రెండు జోళ్లూ నుదుటి మీదికి ఎత్తుకుని. “సాలీడే నయం. అదన్న పని చేసింది.”

దేవదాస్‌కు మళ్లీ దగ్గు వచ్చింది.

దొరికిపోయిన మనిషి తల దించుకుంటాడని మనం అనుకుంటాం. ప్రేమ్‌సాగర్ లాంటి వాళ్లు దించుకోరు. తొడుగులు తీసి బల్ల మీద కొట్టాడు. “సరే. ఇప్పుడేంది? చేతులు దానియే. ఒప్పుకున్న. కూలోళ్లు ఇల్లు కడ్తరు, ఇంటి మీద కూలోళ్ల పేరు రాస్తరా? ఐడియా నాది. తల నాది. కావాల్నంటే మూడో పేరు పెడ్త. దాంతోని సప్పుడు చెయ్యకుంట పొమ్మను.”

“తల మీదే సార్,” అంది అమూల్య. “దాన్ని ఎవ్వలు అడుగుతలేరు. ముంగట అద్దం ఉంటే వెలుతురు ఉల్టా అయితదని యాదికి రాని తలను నేనేం చేసుకోను? మీ తీరు కోటు తొడుక్కుని మీ తీరు మాట్లాడేటోళ్లు అంగళ్ల బయట బొమ్మలు ఉంటయ్. అవి నయం సార్, ఇంకొకల అంగీ మీద తమ పేరు రాసుకోవు.”

ప్రేమ్‌సాగర్ నోరు తెరిచాడు. బుచ్చిరాములు చెయ్యెత్తేసరికి మూసుకున్నాడు.

బుచ్చిరాములు కుర్చీ లాక్కుని బల్ల ఎదురుగా కూర్చున్నాడు. వ్యాపారం చేసిన మనిషి. ఏ బండ ఎక్కడ పగిలిందో, ఇక ఎంత మిగిలిందో చూసుకునే కండ్లు. ఆ కండ్లు ప్రేమ్‌సాగర్‌ను అప్పుడే లెక్కలోంచి తీసేశాయి.

“ప్రేమ్‌సాగర్ సంగతి నేను చూస్త,” అన్నాడు. “రేపటికి ఈ గది తాళం నీ చేతిల ఉంటది. పత్రికోళ్లకు నేనే రాయిస్త, మొదటి పేరు నీది వేయమని. నీ పీహెచ్‌డీకి కొత్త గైడును చూసే పూచీ నాది. సరేనా?”

అమూల్య తల ఊపింది. ఇంత సులువుగా అయిపోతుందని ఆమె అనుకోలేదు. సులువుగా అయిపోలేదు కూడా.

“మరి రెండో పేరు మా కోడలిది,” అన్నాడు బుచ్చిరాములు, గొంతు ఏ మాత్రం పెంచకుండా. “అది అట్లనే ఉంటది. ఎల్లుండి ప్రిన్సిపాల్ సీటుకు ఆమె పేరు పంపుతున్న. అందుకని ఇప్పుడే, అందరి ముంగట, నీ నోటితోని వినాలె. ప్రేమ్‌సాగర్ దొంగ, సరే. మా కోడలు గూడ దొంగేనా? ఆలోచించి చెప్పు. కాదు అనే ఒక్క మాటతోని ఇంటికి మంచిగ పోతవ్.”

అమూల్య తల్లి వైపు చూసింది. ఆటో ఎక్కినప్పటి నుంచి నోరు మూయని సరోజన ఇప్పుడు కొంగు నడుముకు చుట్టి దోపుకుంది. లేచి పోవడానికి సిద్ధమైనట్టుగా, పోవాల్సి వస్తే తనకేం బాధ లేనట్టుగా.

అమూల్య మమతారాణిని చూసింది. ఆమె ఇంకా ఫోను చూసుకుంటూనే ఉంది. ఇంత జరిగినా తల ఎత్తలేదు. ప్రేమ్‌సాగర్ కనీసం చీపుర్ల అలమార దాకా పోయాడు. ఈమె వేలు కూడా కదల్చకుండా రాణిలా కూర్చుంది. ప్రేమ్‌సాగర్ మీద ఇంతసేపూ ఉమ్మిన అసహ్యమంతా ఆ పట్టుచీర మీదికి మళ్లింది.

“మేడం ఈ గదికి రెండుసార్లు వచ్చింది,” అంది అమూల్య. “ఖాళీ గొట్టంలకెళ్లి చూసి ఫొటో దిగింది. ఆ పేపర్ల ఉన్న మెలి ఎటు తిరుగుతదో అడుగుండ్రి, చెప్తే నేను ఇప్పుడే వెళ్లిపోత. తను చెయ్యని పని మీద పేరు రాసుకున్నోళ్లల్ల ప్రేమ్‌సాగర్ సార్‌కు ఒక పేరు, మీ ఇంటోళ్లకు ఒక పేరు పెట్టి పిలువనీకె నాకు రాదు సార్. దొంగనే.”

బుచ్చిరాములు కండ్లు సన్నబడ్డాయి. ప్రేమ్‌సాగర్ పెదవుల మీద చాలాసేపటికి ఒక నవ్వు మొలిచింది.

మమతారాణి ఫోనును ఒడిలో బోర్లా పెట్టింది. లేచింది. గాజులు గలగలమన్నాయి. ఎవరినీ చూడకుండా తలుపు దగ్గరకు నడిచింది. అవమానం పట్టలేక బయటికి పోతోందని అందరూ అనుకున్నారు. పోతే పోనీ అని అమూల్య పక్కకు జరిగి దారి కూడా ఇచ్చింది.

మమతారాణి తలుపు మూసి లోపలి నుంచి గడియ పెట్టింది. గడియకు వీపు ఆనించి నిలబడింది.

“ఎడమకు తిరుగుతది,” అంది అమూల్యతో, మెల్లగా. “పేపర్ల ఉన్న మొదటి బొమ్మ ఎడమ మెలి. నాలుగోది కుడి. మూడోదాంట్ల రెండూ కలిసి ఉన్నయ్, అది నువ్వు తప్పు చేసినవ్.” తర్వాత మామ వైపు తిరిగింది. “ఆమెనెందుకు అడుగుతున్నరు మామయ్యా? నన్ను అడుగుండ్రి. నా పేరు అండ్ల ఎవలు పెట్టిండ్రో, నేను వద్దన్ననాడు మన ఇంట్ల ఏమైందో, అందరి ముంగట నన్ను అడుగుండ్రి.”

బుచ్చిరాములు కుర్చీలోంచి లేవబోయాడు. గడియ వైపు చూసి మళ్లీ కూర్చున్నాడు.

— దుర్గం కొమురవ్వ, వయసు అరవై ఎనిమిది, ఇప్పుడు ఉంటున్నది నస్పూర్